పేల్ ఏల్ బాలేదంటే తప్పెవరిది?

టేబుల్ మీద పేల్ ఏల్ గ్లాసు పెట్టగానే మన బెజవాడ బ్యాచ్‌ల్లో వచ్చే తీర్పులు మూడే. "చేదు బాబోయ్", "కిక్కే లేదు మామా", లేదంటే "సూపరుంది రా". ఈ మూడింట్లో ఏదీ ఆ గ్లాసులో ఉన్న బీరు గురించి పెద్దగా చెప్పదు. చేదన్నోడు ఆ జాతి బీరుకి ఉండాల్సిన గుణాన్నే తప్పులాగా చెప్తున్నాడు, కిక్ లేదన్నోడు తనకి అలవాటైన స్ట్రాంగ్ బీరుని తల్చుకుంటున్నాడు, సూపరన్నోడు ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నాడు. నచ్చడం నచ్చకపోవడం ఎవరిష్టం వాళ్ళది, దానికి గొడవేం లేదు, కానీ "ఈ బీరు బాగా చేశారా లేదా" అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే అసలు ఇది ఏ స్టైల్ అవుదామని చేసిన బీరు, అలా వచ్చిందా, రాకపోతే ఎక్కడ చెడింది, ఈ మూడూ విడివిడిగా చూసుకోవాలి. మూడోదాన్ని మనోళ్ళు అస్సలు పట్టించుకోరు. నన్నడిగితే మన ఎండలకి అదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ట్యాంకులోంచి బయల్దేరి మన చేతికొచ్చేలోపు బీరుని పాడుచేసేవాళ్ళు దారి పొడుగునా ఉంటారు, తిట్లు మాత్రం చేసినోడికే పడతాయి.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూసేవాళ్ళని ఎప్పుడైనా గమనించారా. టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి రంగు చూస్తారు, చేత్తో నలిపి తేమ చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. తేజా అనే రకం మిర్చి లాట్‌ని తేజాగానే చూస్తారు తప్ప 334 అనే ఇంకో రకం పక్కన పెట్టి "ఇది కారమెక్కువ, బాలేదు" అనరు. రంగు తేలిపోతే కల్లంలో వానకి తడిసిందా, నిల్వలో పోయిందా అని కూడా అంచనా కడతారు. బీరు జడ్జింగ్ అచ్చం ఆ పనే.

ముందు స్టైల్ సంగతి చూద్దాం. పేల్ ఏల్‌లో "పేల్" అంటే తెల్లగా ఉంటదని కాదు, అప్పట్లో ఇంగ్లండులో మామూలుగా తాగే గోధుమరంగు బీరుతో పోలిస్తే లేతగా ఉంటదని. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్ అయిద్ది. ఆ ఎండబెట్టడం కట్టెల మంట మీద చేస్తే పొగచూరి నల్లబడేది, 17వ శతాబ్దంలో కోక్ బొగ్గు వాడకం మొదలయ్యాక పొగ లేకుండా లేత రంగు మాల్ట్ తీయడం కుదిరింది. తర్వాత బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరు ఈ బీరుకి పేరుమోసింది, కారణం ఆ ఊరి బావి నీళ్ళలో ఉన్న జిప్సం, మనోళ్ళు వేరుశనగ చేలో చల్లే జిప్సమే, అందులోని సల్ఫేటు వల్ల చేదు తేటగా, పదునుగా తెలిసిద్ది. విలియం బాస్ 1777లో కంపెనీ పెట్టింది ఆ ఊళ్ళోనే, ఆ బాస్ వాళ్ళ ఎర్ర త్రికోణం గుర్తే 1876లో బ్రిటన్‌లో రిజిస్టరైన మొదటి ట్రేడ్‌మార్కు. ఇండియాకి ఓడల్లో పంపిన పేల్ ఏల్ కథ అందరికీ తెలిసిందే, అయితే "మామూలు బీరు దార్లో చెడిపోద్ది కాబట్టి ఇండియా కోసం హాప్స్ ఎక్కువేసి కొత్త బీరు కనిపెట్టారు" అనేది సగం కట్టుకథ (హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు). పోర్టర్ అనే నల్లటి బీరు కూడా బానే చేరేది ఇక్కడికి. లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈస్టిండియా ఓడల రేవుకి దగ్గర్లో ఉండటం, ఓడ కెప్టెన్లకి అప్పుకి సరుకివ్వడం, అసలు వ్యాపారం అది. (మన బందరులో ఇంగ్లీషోళ్ళు 1611లోనే వ్యాపార కేంద్రం పెట్టారు గానీ ఈ పేల్ ఏల్ హవా వచ్చేసరికి బందరు కాలం అయిపోయి కలకత్తా, మద్రాసు, బొంబాయిల కాలం నడుస్తుంది.)

ఇప్పుడు మన దేశంలో క్రాఫ్ట్ పబ్బుల మెనూల్లో పేల్ ఏల్ అని ఉండేది చాలా వరకు ఇంగ్లీషు వంశం కాదు, అమెరికా వంశం. 1972లో కాస్కేడ్ అనే హాప్ రకం బయటికొచ్చింది, 1980లో కాలిఫోర్నియాలో చికో అనే ఊళ్ళో మొదలైన సియెరా నెవాడా వాళ్ళు దాంతో పేల్ ఏల్ చేశారు, ఆల్కహాలు 5.6%, చేదు 38 ఐబీయూ (చేదుని కొలిచే లెక్క, కింద వివరంగా చెప్తా), ఇప్పటికీ ఈ స్టైల్‌కి కొలబద్ద లాంటిది అదే. ఇంగ్లీషు పేల్ ఏల్‌లో బిస్కెట్ లాంటి మాల్ట్ వాసన, మట్టి, పూల లాంటి హాప్ వాసన, మెత్తటి నడక. అమెరికన్‌లో నారింజ జాతి తొక్కల వాసన ముందు తగుల్తది, మాల్ట్ వెనకుండి మోస్తది. మెనూలో ఏదో చెప్పకపోతే వెయిటర్‌ని అడగండి, లేదా ఏ హాప్స్ వేశారో అడగండి. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, ఫగుల్ అంటే ఇంగ్లీషు, కాస్కేడ్, సిట్రా, మొజాయిక్ అంటే అమెరికన్. ఇది తేల్చుకోకుండా మార్కులేస్తే తేజాని 334 అనుకుని రేటు కట్టినట్టే.

జడ్జిలు వాడే లెక్కలు ఒకటి ఉన్నాయి, అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే సంస్థవి, ప్రపంచంలో చాలా పోటీల్లో అవే నడుస్తాయి. అమెరికన్ పేల్ ఏల్‌కి ఆల్కహాలు 4.5 నుంచి 6.2%, చేదు 30 నుంచి 50 ఐబీయూ, రంగు లేత బంగారం నుంచి లేత రాగి దాకా. మొత్తం 50 మార్కులు: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఒళ్ళుకి (చిక్కగా ఉందా, పల్చగా ఉందా అనేదానికి) 5, మొత్తమ్మీద ఎలా ఉందనేదానికి 10. ఆ చూపుకిచ్చే 3 మార్కులు చూడండి. మనం గ్లాసు రాగానే ఫోటో తీసి నురగ మీద మాట్లాడే మాటలన్నీ ఆ మూడు మార్కుల్లోకే వస్తాయి. కిక్కుకి విడిగా ఒక్క మార్కు కూడా లేదు, 8% స్ట్రాంగ్ బీరు అలవాటున్నోళ్ళకి ఇది మింగుడుపడదు గానీ అంతే మరి, ఆ స్టైల్‌లో ఆల్కహాలు వేడిగా గొంతులో తెలిస్తే అది తప్పు కిందే లెక్క.

ఇక రుచి చూడ్డానికి ముందు మన వైపు తప్పులు మనం సర్దుకోవాలి, ఎందుకంటే లిస్టులో మొదటి ముద్దాయి మన నోరే. మిర్చి బజ్జీ తిని పేల్ ఏల్ తాగితే అది బీరు జడ్జింగ్ కాదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో వేడిని కనిపెట్టే గ్రాహకాల్ని రెచ్చగొడతది, ఆల్కహాలు వాటినే ఇంకా సున్నితం చేస్తది, గ్యాసు కూడా గుచ్చుతది, మూడూ కలిసి మంట పెరిగి చేదు రెట్టింపైనట్టు అనిపిస్తది. గోంగూర తిన్న నోటికి పులుపు తప్ప ఇంకేం తెలీదు. వక్కపొడి, గుట్కా, సిగరెట్టు గురించి చెప్పక్కర్లేదు. ఇంకో దెబ్బ నూనెది. బజ్జీ తిన్న పెదాలు గ్లాసుకి ఆనించండి, ఆనిన చోట నురగ చూస్తుండగానే కూలిపోద్ది, కొవ్వు తగిల్తే నురగని నిలబెట్టే ప్రోటీను పొర తెగిపోద్ది. తర్వాత "నురగ నిలవట్లేదు, బీరు చచ్చింది" అంటారు. కాబట్టి తిండి తర్వాత, ముందు మంచినీళ్ళు, ఉత్త బ్రెడ్ ముక్క, చాలు.

గ్లాసు రెండో ముద్దాయి. సరిగ్గా కడగని గ్లాసులో బీరు పోస్తే లోపలి గోడకి బుడగలు గుంపులుగా అంటుకుని ఉంటాయి, అవి గ్యాసు ఎక్కువై కాదు, అక్కడ జిడ్డో సబ్బో ఉంది. శుభ్రమైన గ్లాసులో బుడగలు కింద నుంచి పైకి పోతాయి, తాగేకొద్దీ గోడ మీద నురగ వలయాలు వలయాలుగా మిగుల్తది. అనుమానమొస్తే ఖాళీ గ్లాసుని నీళ్ళతో తడిపి వంచండి, నీరు పల్చటి పొరలా సమానంగా జారితే శుభ్రం, బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డు. ఫ్రీజర్లో పెట్టి మంచు కట్టిన గ్లాసు కూడా నాకు పడదు, చూడ్డానికి గొప్పగా ఉంటది, వాసన మొత్తం నొక్కేస్తది. పేల్ ఏల్ 7 నుంచి 10 డిగ్రీల మధ్య తాగాల్సింది. మనకి రెండు మూడు డిగ్రీల దగ్గర ఇస్తారు, ఆ చలికి మంచి వాసనా రాదు, చెడ్డ వాసనా రాదు, చవక బీరుని అంత చల్లగా అమ్మేది కూడా అందుకే అని నా అనుమానం. మే నెలలో బెజవాడలో కూర్చుంటే కాసేపు మాట్లాడుకునేలోపు అదే దారికొస్తది లెండి, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుంటే ఇంకా త్వరగా.

వాసన రాగానే చూడాలి, చూపు కన్నా ముందే. కొన్ని వాసనలు మొదటి అర నిమిషంలోనే ఎగిరిపోతాయి. గ్లాసు మూడో వంతుకి మించి పోయించుకోకండి, పైన ఖాళీ ఉంటేనే వాసన నిలబడతది, ఒకసారి గుండ్రంగా తిప్పి చిన్న చిన్నగా రెండు మూడు సార్లు పీల్చండి, దీర్ఘంగా పీలిస్తే ముక్కు త్వరగా అలిసిపోద్ది. అలిసిపోతే మీ చొక్కా చేతిని వాసన చూసుకుని మళ్ళీ రండి, జడ్జిలు కూడా చేసే పనే ఇది. ఇప్పుడు ఏ వాసనొచ్చిందో పేరు పెట్టాలి, ఇక్కడే మనోళ్ళు చేతులెత్తేస్తారు. పుస్తకాల్లో గ్రేప్‌ఫ్రూట్, పైన్ అని రాసుంటది, మనలో ఎంతమంది గ్రేప్‌ఫ్రూట్ ఒలిచారు. పంపర పనస ఒలిచినప్పుడు తొక్కలోంచి చిమ్మే నూనె వాసన గుర్తు చేసుకోండి, కాస్కేడ్ ఆ చుట్టుపక్కలే ఉంటది. దబ్బాకు నలిపిన వాసన, కమలా తొక్క, బత్తాయి తొక్క, ఇవన్నీ పనికొస్తాయి. పైన్ అంటే నేల తుడిచే ఫినాయిల్‌కి, గుగ్గిలం పొగకి మధ్యలో ఏదో. సిట్రా, మొజాయిక్ లాంటి హాప్స్ వేస్తే మామిడి, లిచీ, జామ వైపు పోద్ది, బాగా ముగ్గిన నూజివీడు రసం టెంక దగ్గర వచ్చే వాసన చాలాసార్లు తగిలింది నాకు. ఇందులో మాయేం లేదు, హాప్స్ నూనెలో ఉండే లినలూల్ ధనియాల్లోనూ ఉంది, జెరానియోల్ గులాబీలో, నిమ్మగడ్డి జాతుల్లోనూ ఉంది, అవే పదార్థాలు, అదే ముక్కు. హాప్ వెనక మాల్ట్ కూడా వెతకాలి, బ్రెడ్ అంచు కాలిన వాసన, మేరీ బిస్కెట్, కొంచెం లేత బెల్లం పాకం. ఇవి అస్సలు లేకుండా ఉత్త తొక్క వాసనే ఉంటే అది పేల్ ఏల్‌లో లోటే, అలా అని పాకం వాసనే ముందుండి హాప్ ఎక్కడో దాక్కుంటే అది ఇంకా పెద్ద అనుమానం, ఎందుకో కాసేపాగి చెప్తా.

చేదు గురించి. మెనూలో 40 ఐబీయూ అని చూసి భయపడేవాళ్ళున్నారు, అది చూసి గొప్పగా ఆర్డరిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఐబీయూ అంటే సుమారుగా లీటరు బీరులో ఎన్ని మిల్లీగ్రాముల ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఉన్నాయనే లెక్క. హాప్స్‌ని మరిగించినప్పుడు వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మారి చేదవుతాయి, ఎక్కువసేపు మరిగితే ఎక్కువ చేదు, వాసన మాత్రం ఆవిరైపోద్ది. అందుకే మొదట్లో కొన్ని చేదు కోసం, చివర్లో కొన్ని వాసన కోసం, పులిసిన తర్వాత ఇంకొన్ని చల్లగా నానబెట్టడానికి వేస్తారు, ఆ చివరిదాన్నే డ్రై హాపింగ్ అంటారు. ఆ లెక్క నోటికి తెలిసే చేదు కాదు. తీపి ఎక్కువ మిగిలిన బీరులో 40 సాఫీగా ఉంటది, పల్చటి బీరులో అదే 40 గొంతు పట్టుకుంటది. అందుకే అంకె పక్కన పెట్టి, మింగాక చేదు ఎంతసేపుంది, ఎలా పోయింది అనేది చూడండి. కాకరకాయ వేపుడు బాగా కుదిరితే చేదు వచ్చి, నోరు శుభ్రం చేసి పోద్ది, ఇంకో ముద్ద కావాలనిపిస్తది. మెంతులు మాడితే వచ్చే చేదు నాలిక మీద కూర్చుని కదలదు. మంచి పేల్ ఏల్ మొదటి రకం. ఇంకోటి, చేదుకీ వగరుకీ తేడా పట్టాలి, పచ్చి జామకాయ కొరికితే నాలిక, చిగుళ్ళు పట్టేస్తాయే, అది బీరులో ఉంటే చేసేటప్పుడు జరిగిన తప్పు. మాల్ట్‌ని మరీ వేడి నీళ్ళతో, మరీ ఎక్కువసార్లు కడిగితే పొట్టులోంచి టానిన్లు దిగుతాయి, లేదా డ్రై హాప్స్ మరీ ఎక్కువై ఉండొచ్చు. నాలిక చివర తీపి, వెనక చేదు అనే బొమ్మ స్కూల్లో చూపించారు కదా, అది తప్పని ఎప్పుడో తేలింది, అన్ని రుచులూ నాలికంతా తెలుస్తాయి. అయినా జడ్జిలు వైన్ వాళ్ళలాగా ఉమ్మకుండా మింగుతారు, మింగాక గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసన, ఆ తర్వాత మిగిలే చేదు, వీటికి కూడా మార్కులున్నాయి కాబట్టి. గుటకే, గ్లాసు కాదు. రెండు పైంట్లు దిగాక వేసిన మార్కులు చింపేయడం మంచిది.

ఇప్పుడు అసలు కేసుకొద్దాం. ఏ చెడు వాసన ఎవరి పేరు చెప్తది అనేది తెలిస్తే సగం గొడవలు తీరిపోతాయి. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన, నోట్లో జారుడుగా ఉండటం, అది డయాసిటైల్. ఈస్టు పులియబెట్టేటప్పుడు తయారైద్ది, చివర్లో కొన్ని రోజులు కాస్త వెచ్చగా వదిలేస్తే ఈస్టే తినేస్తది. ఆ టైమివ్వకుండా శనివారం రష్‌కి ట్యాంకు ఖాళీ చేయాలని తొందరపడితే వెన్న మిగిలిపోద్ది, అప్పుడు తప్పు బ్రూవర్‌ది, లేదా బ్రూవర్ నెత్తిన కూర్చున్న ఓనర్‌ది. పచ్చి ఆపిల్ వాసన కూడా అదే తొందర, అసిటాల్డిహైడ్, పిల్ల బీరు అన్నమాట. కానీ అదే వెన్న వాసన కుళాయి పైపుల్లో పేరుకున్న బ్యాక్టీరియా వల్ల కూడా వస్తది, దాంతోపాటు అనవసరమైన పులుపు. తేడా తెలియాలంటే వేరే కుళాయిలోంచి ఇంకో బీరు కొంచెం అడిగి చూడండి. అన్నిట్లో అదే పులుపు, అదే వెన్న ఉంటే పైపులు కడగట్లేదు, ఒక్కదాంట్లోనే ఉంటే ఆ ట్యాంకునో, ఆ ఒక్క పైపునో అనుమానించాలి. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ ఆ పైపుల్ని రెండు వారాలకోసారైనా కడగమంటది. ఉడకబెట్టిన మొక్కజొన్న వాసనొస్తే మరిగించేటప్పుడు ఆవిరి బయటికి పోనివ్వలేదని లెక్క, లేత పిల్స్‌నర్ మాల్ట్‌తో ఎక్కువ, పేల్ ఏల్‌లో తక్కువే. ఆస్పత్రి వాసన, బ్యాండేజీ వాసన వస్తే నీళ్ళలో క్లోరిన్ సరిగ్గా తీయలేదు, అది మాల్ట్‌లోని ఫీనాళ్ళతో కలిస్తే చిటికెడంత ఉన్నా ముక్కుకి కొడతది. మునిసిపాలిటీ నీళ్ళు కార్బన్ ఫిల్టర్ దాటకుండా బీరులోకి రాకూడదు, ఏ ఊరైనా సరే.

మబ్బుగా ఉంటే మాత్రం వెంటనే తప్పు పట్టకండి. డ్రై హాప్స్ వేసిన పేల్ ఏల్ కొంచెం మసకగా ఉండొచ్చు, చల్లగా ఉన్నప్పుడు మసకగా ఉండి వేడెక్కితే తేటపడితే అది ప్రోటీను, పాలీఫినాళ్ళ గొడవ, రుచికేం కాదు. ముక్కలు ముక్కలుగా తేలుతుంటే అడగండి.

వెలుతురు దెబ్బ ఇంకోటి. హాప్స్ చేదు పదార్థం మీద ఎండ పడితే అందులోంచి ఒక గంధకపు పదార్థం పుడతది, ఇంగ్లీషు పుస్తకాల్లో స్కంక్ అనే జంతువు కంపుతో పోలుస్తారు, మనకా జంతువు లేదు. గ్యాస్ లీకైతే తెలియడానికి సిలిండర్లో కలుపుతారే, ఆ వాసనకి ఇది చుట్టం, అదే థయోల్ జాతి. లీటరులో నానోగ్రాముల్లో ఉన్నా ముక్కు పట్టేస్తది. గోధుమరంగు సీసా చాలా వరకు కాపాడతది, ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా కాపాడలేవు, క్యానుకి ఈ సమస్యే లేదు. రూఫ్‌టాప్‌లో మిట్ట మధ్యాహ్నం గ్లాసు ఎండలో పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటే ఆ తప్పు ఇంకెవరిదీ కాదు.

ఇక మన ఊరి అసలు విలన్, వేడి. పైన పాకం వాసన ముందుంటే అనుమానమన్నాను కదా. పేల్ ఏల్ ముసలిదయ్యేటప్పుడు ముందు పోయేది హాప్ వాసన, తర్వాత తేనె, పాకం లాంటి తీపి వాసన పైకొస్తది, ఆ తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన, రంగు కూడా కొంచెం ముదురుతది. ప్యాకింగులో లోపల మిగిలిన ఆక్సిజన్ దీనికి మూలం, వేడి దాన్ని పరిగెత్తిస్తది. బీరు పరిశ్రమలో ఒక బండ లెక్క ఉంది, 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, మూడింట్లో బీరు దాదాపు ఒకేలా ముసలిదైద్దని. బండ లెక్కే, అన్ని బీర్లకీ అక్షరాలా వర్తించదు, కానీ మే నెలలో మన దగ్గర పగలు 40 దాటి 45 దాకా పోయే రోజులుంటాయి, రాత్రి కూడా 30 దగ్గరే తిరుగుతది. రేకుల గోడౌన్‌లో, ఏసీ లేని లారీలో ఒక వారం తిరిగిన క్యానులో ఏం మిగుల్తదో ఆలోచించండి. లాగర్ బీరు, అంటే మనకి షాపుల్లో మామూలుగా దొరికే రకం, అందులోనూ స్ట్రాంగ్ అయితే తట్టుకుంటది, కనీసం తేడా పెద్దగా తెలీదు, పోగొట్టుకోవడానికి దానికి అంత వాసనే లేదు. పేల్ ఏల్ ఆస్తంతా వాసనే. అందుకే హైదరాబాదులోనో బెంగళూరులోనో ట్యాంకు పక్కనే కూర్చుని తాగిన పేల్ ఏల్, ఇక్కడ షాపులో కొన్న క్యాను ఒకే కంపెనీవైనా ఒకటి కావు, "అక్కడ నీళ్ళు వేరు, అందుకే ఆ రుచి" అనే మాట చాలామంది చెప్తారు, నేనైతే నమ్మను. ఆ తేడాలో ఎక్కువ భాగం ఎండదే.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే తేదీ ఉన్న పేల్ ఏల్ క్యాన్లు రెండు తీసుకుని ఒకటి ఫ్రిజ్‌లో, ఇంకోటి బీరువా మీద ఒక నెల ఉంచండి. తర్వాత రెండూ ఒకే చల్లదనానికి తెచ్చి, వేరే ఎవరితోనైనా ఒకేలాంటి మూడు గ్లాసుల్లో పోయించండి, రెండిట్లో ఒకటి, మూడో దాంట్లో ఇంకోటి, మీకు చెప్పకుండా. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగుల్తది కాబట్టి నలుగురితో చెప్పించండి, ఒకళ్ళతో సరిపెట్టకండి. దీన్ని ట్రయాంగిల్ టెస్ట్ అంటారు, పెద్ద బ్రూవరీల ల్యాబుల్లో రోజూ జరిగేది ఇదే. నలుగురు కావడానికి ఇంకో కారణం కూడా ఉంది, చేదు అందరికీ ఒకేలా తెలీదు, అది కొంత జీన్స్‌లోనే ఉంది, వెన్న వాసన అస్సలు పట్టలేని ముక్కులు కూడా ఉన్నాయి. మీ బావకి అన్నీ చేదుగానే ఉన్నాయంటే నటిస్తున్నాడని అనుకోనక్కర్లేదు, ఆయన నాలిక అంతే. పేరు, రేటు కనిపించకుండా పోయించుకోవడం మాత్రం తప్పనిసరి, 400 పెట్టి కొన్న క్యాను అని తెలిస్తే నాలిక మొహమాటపడిపోద్ది.

ఆ రెండు క్యాన్లకి మార్కులేస్తే ఎలా ఉంటాయో ఊహించి ఉదాహరణకి చెప్తా. ఫ్రిజ్‌లో ఉన్నదానికి వాసన 10, చూపు 3, రుచి 16, ఒళ్ళు 4, మొత్తమ్మీద 8, కలిపితే 41. బీజేసీపీ లెక్కలో 38 నుంచి 44 దాకా "ఎక్సలెంట్" బీరు. బీరువా మీద ఉన్నది: వాసన 5, చూపు 3, రుచి 10, ఒళ్ళు 4, మొత్తమ్మీద 4, అంటే 26. చూడండి, చూపు, ఒళ్ళు మార్కులు కదల్లేదు, పోయినవన్నీ వాసన, రుచి దగ్గర, వాటితోపాటు మొత్తమ్మీద దగ్గర, ఫ్రిజ్‌లోది బానే ఉంది కాబట్టి వంటకంలో తప్పు లేదు, దారిలో పోయింది. అదే కొత్త క్యాను తెరిచినా రుచి దగ్గర వగరు, వాసన దగ్గర వెన్న ఉండి 26 వస్తే అది బ్రూవరీ ఖాతాలోకి పోవాలి. ఒకే 26, ఇద్దరు వేర్వేరు ముద్దాయిలు. అందుకే ఉత్త మార్కు చెప్పి వదిలేసే రివ్యూలంటే నాకు చిరాకు, 5కి 3 స్టార్లు అంటాడు, ఎక్కడ పోయాయో చెప్పడు.

క్యాను కొనేటప్పుడు కింద ప్యాక్ చేసిన తేదీ చూడండి, ఎక్స్‌పైరీ ఆరు నెలలుంది కదా అని ఊరుకోకండి, పేల్ ఏల్‌కి మొదటి రెండు మూడు నెలలే వయసు, అది కూడా చల్లగా ఉంటే. షాపులో ఫ్రిజ్‌లోంచి తీసిచ్చాడా, వెనక పెట్టెలోంచి తెచ్చి అప్పుడే చల్లబరిచాడా అనేది కూడా అడగొచ్చు, వాడు వింతగా చూస్తాడు, చూడనీండి. పబ్బులో అయితే "బాలేదు" అనకుండా "వెన్న వాసనొస్తుంది, ఈ కెగ్ (బీరు పీపా) ఎప్పుడు తగిలించారు, లైన్ (కుళాయి పైపు) ఎప్పుడు కడిగారు" అని అడగండి. తెలిసిన బ్రూవర్ అయితే మీ గ్లాసు తీసుకుని ముందు వాసన చూసి, ట్యాంకు దగ్గర కుళాయిలోంచి నేరుగా ఇంకో గ్లాసు పట్టుకొచ్చి పక్కన పెడతాడు. రెండూ ఒకేలా ఉంటే వాడి తప్పు, ట్యాంకుది బాగుండి టేబుల్ మీదది చెడితే పైపుది, వాడికీ అప్పుడే తెలిసిద్ది. మెనూ చూపించి "సార్ ఇది ఇలానే ఉంటది" అన్నాడంటే అక్కడ లాగర్ చెప్పుకోవడం మేలు.